జాన్ ఫోర్డ్ లోయలో నాన్నగారితో

ఈసారి అమెరికా వచ్చినప్పుడు నాన్నగారు అడిగింది ఒక్కటే, మాన్యుమెంట్ వ్యాలీ చూపించమని. దర్శకుడు జాన్ ఫోర్డ్ తన కౌబాయ్ సినిమాలు తీసిన ఎర్రరాళ్ల లోయ అది. కుర్రతనంలో విజయవాడ హాళ్లలో కౌబాయ్ సినిమా ఏదొచ్చినా వదలని మనిషి. ఫీనిక్స్ నుంచి కారులో ఐదు గంటల పైనే పట్టింది.

వేసవిలో వెళ్లేవాళ్లకు ముందే ఒక మాట. అరిజోనాలో గడియారం మార్చరు, నవాహోలనే ఆదివాసీల భూమిలో మాత్రం గంట ముందుకు జరుపుతారు. అది తెలియక జీపు టూరుకి గంట లేటుగా చేరాం. డబ్బు వెనక్కివ్వలేదు. సాయంత్రానికి వేరే గైడుతో మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. ఇది నవాహోల సొంత పార్కు కాబట్టి నేషనల్ పార్క్ పాస్ కూడా చెల్లదు.

గౌల్డింగ్స్ లాడ్జిలో దిగాం. హ్యారీ గౌల్డింగ్ 1920లలో ఇక్కడ కొట్టు పెట్టాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఈ లోయ ఫోటోలు పట్టుకుని హాలీవుడ్‌లో ఫోర్డ్‌ దగ్గరికి వెళ్లాడని చెబుతారు. ఆ తర్వాతే 1939లో ఫోర్డ్ సినిమా 'స్టేజ్‌కోచ్' వచ్చింది. పాత కొట్టు ఇప్పుడు మ్యూజియం. దాని వెనక చిన్న గది ఉంది, 1949 నాటి ఫోర్డ్ సినిమాలో హీరో జాన్ వేన్ పాత్ర ఉండే ఇల్లుగా చూపించింది దాన్నే. నాన్నగారు అక్కడి నుంచి కదలలేదు.

లోపలి 17 మైళ్ల దారి మట్టిరోడ్డు. సొంత కారులోనూ తిరగొచ్చు కానీ నేనైతే గైడుకే ఓటేస్తాను. మామూలు సందర్శకులను వెళ్లనివ్వని చోట్లకి కూడా తీసుకెళ్లాడు. ఫోర్డ్ తీసిన 'ది సెర్చర్స్' కథ జరిగేది టెక్సస్‌లో, తీసింది ఇక్కడ, కొమాంచీలనే వేరే తెగవాళ్లుగా కనిపించింది నవాహోలు. ఆ సంగతి వాళ్ల మనిషే అయిన గైడు నోట వినడం వేరు.

జాన్ ఫోర్డ్ పాయింట్ దగ్గర నాన్నగారు అన్న మాట నాకు కొత్త. ఉత్తమ దర్శకుడిగా ఫోర్డ్‌కి నాలుగు ఆస్కార్లు వచ్చాయి, ఒక్కటీ వెస్టర్న్‌కి, అంటే కౌబాయ్ సినిమాకి, కాదు. "అయినా చూడు, ఆయన పేరు ఈ రాతి అంచుకే పెట్టారు," అన్నారు. 1939 నుంచి 1964 దాకా మళ్లీ మళ్లీ ఇక్కడికే వచ్చి తీశాడాయన. ఎర్రటి రాళ్ల కింద చీమంత గుర్రం కనిపిస్తే ఎందుకో అర్థమైంది.

శాకాహారులు పులిహోర కట్టుకెళ్లండి, అక్కడ దొరికే ఫ్రై బ్రెడ్‌తో (నూనెలో వేయించిన రొట్టె) రెండు పూటలు గడవవు. మద్యం ఎక్కడా దొరకదు. ఒక్క రాత్రే ఉండటం మా పొరపాటు. తెల్లారి బయల్దేరే ముందు నాన్నగారు ఆ గది ఇంకోసారి చూసొస్తానన్నారు, మ్యూజియం ఇంకా తెరవలేదు.