అమ్మ మోకాళ్ళకి ఆయుర్వేద క్లినిక్: ఒక హౌస్ సర్జన్ రివ్యూ

రేటింగ్ 3/5. క్లినిక్ పేరు రాయట్లేదు, కింద ఒక కంప్లైంట్ ఉంది కాబట్టి. మా జిల్లాలోనే, బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) చదివిన డాక్టర్ గారు నడుపుతున్నారు.

అమ్మకి మోకీళ్ళు అరిగాయి, షుగర్ కూడా ఉంది. జానుబస్తి (మోకాలి మీద వెచ్చటి నూనె నిలిపే ఆయుర్వేద చికిత్స) చేయించుకుంటానని ఏడాది నుంచి అడుగుతుంటే నేనే వద్దంటూ వచ్చా. మా హాస్టల్లో ఆయుర్వేదం అంటే రెండే రకాలు, వినగానే నవ్వేవాళ్ళు, లేదంటే మన పూర్వీకులకి అన్నీ తెలుసు అని వాదించేవాళ్ళు, నేను మొదటి రకం. ఇంటర్న్‌షిప్‌లో వారం రోజులు ఆయుష్ (ఆయుర్వేదం, హోమియో లాంటివి) పోస్టింగ్ ఉంటే అది సెలవుల్లాగే లెక్కేసుకున్నాం. ఈసారి అమ్మ మాట కాదనలేక వెళ్ళా.

డాక్టర్ గారు అమ్మతో 25 నిమిషాలు మాట్లాడారు. నిద్ర, ఆకలి, విరేచనం, మెట్లు ఎక్కేటప్పుడు నొప్పా దిగేటప్పుడా, అన్నీ అడిగి ఎక్స్‌రే కూడా చూశారు. మా ఓపీలో ఒక పేషెంట్‌కి మూడు నిమిషాలు దొరికితే గొప్ప, అది చూసి నిజంగా సిగ్గేసింది.

జానుబస్తి అంటే మినప్పిండి ముద్ద కలిపి మోకాలి చుట్టూ గోడలా కడతారు, అందులో గోరువెచ్చటి నూనె పోస్తారు, చల్లారగానే దూదితో ఆ నూనె తీసేసి మళ్ళీ వెచ్చటిది పోస్తారు, ఇలా అరగంట పైనే. థెరపిస్ట్ అమ్మాయి ప్రతిసారీ ముందు తన చేతి మీద చుక్క వేసి వేడి చూసుకుని "కాలుతోందా అమ్మా?" అని అడిగాకే పోసేది. సిట్టింగ్‌కి 500, ఏడు రోజులు. అయిదో రోజుకి అమ్మ బాత్రూమ్‌కి గోడ పట్టుకోకుండా నడిచింది. అది నూనె గుణమా, వేడి వల్లా, అరగంట కదలకుండా పడుకోవడం వల్లా అంటే నేను చెప్పలేను, అరిగిన కీలు మళ్ళీ పెరగదు అని మాత్రం చెప్పగలను. రెండు వారాలకి నొప్పి కొంత తిరిగొచ్చింది, తొడ కండరాల ఎక్సర్‌సైజులు మాత్రం ఆపనివ్వట్లేదు.

ఇక కంప్లైంట్. చివరి రోజు మందుల కౌంటర్లో లేబుల్ లేని చూర్ణం మూడు పొట్లాలు చేతిలో పెట్టి "షుగర్ బిళ్ళలు ఓ నెల ఆపి ఇది వాడండమ్మా" అన్నాడు అక్కడి అబ్బాయి. ఏముంది ఇందులో అంటే "అన్నీ ఆకులే సార్, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అని. నాకు కాళ్ళు వణికాయి. 2008లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన స్టడీలో ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులు 193 టెస్ట్ చేస్తే దాదాపు అయిదింట ఒక దాంట్లో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికింది. నేను పక్కన లేకపోతే అమ్మ తన షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్ మానేసేది, నాకు చెప్పేది కూడా కాదు, డాక్టర్ కొడుకు తిడతాడని.

అక్కడే నాకు వెలిగింది. మా వార్డులో కామెర్ల పేషెంట్లు పసరు మందు తాగాం అని ఎందుకు చెప్పరో. మేం నవ్వుతాం కాబట్టి చెప్పరు. తిప్పతీగ కషాయం రోజూ తాగి లివర్ దెబ్బతిన్న కేసులు కోవిడ్ టైంలో రిపోర్ట్ అయ్యాయి, అడగకపోతే అవి ఎలా పట్టుకుంటాం?

నవ్వే మాలాంటి వాళ్ళకి తెలియాల్సిన కథ ఒకటుంది. మన భీమవరంలో పుట్టిన సైంటిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు గారు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పడుంటే ఆయుర్వేదంతో వైద్యం చేసింది ఆచంట లక్ష్మీపతి గారు, లక్ష్మీపతి గారు కూడా ముందు ఇంగ్లీషు వైద్యం చదివినవారే. సుబ్బారావు గారు మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పి 1920ల మొదట్లో హార్వర్డ్ వెళ్ళారు, తర్వాత లెడర్లే అనే అమెరికా మందుల కంపెనీలో ఆయన టీమ్ నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌నే కీళ్ళవాతానికి ఇప్పటికీ రాస్తున్నాం. ఈ సంగతి నాలుగున్నరేళ్ళలో మాకు ఒక్క క్లాసులో చెప్పి ఉంటే బాగుండేది.

మోకాళ్ళకి జానుబస్తి చేయించుకోవాలంటే వెళ్ళండి, స్టాఫ్ మంచివాళ్ళు, శుభ్రంగా ఉంది. పేరు, కంపెనీ, బ్యాచ్ నంబర్ లేని పొట్లం మాత్రం తీసుకోకండి, వాడుతున్న బిళ్ళలు మీ డాక్టర్‌ని అడక్కుండా ఆపకండి. పొట్లాలు తీసుకెళ్ళి డాక్టర్ గారికి చూపిస్తే "ఇది నేను రాయలేదే" అని ఆ అబ్బాయిని పిలిపించారు. వచ్చే నెల అమ్మని మళ్ళీ తీసుకెళ్తా, లేబుల్ వేసి ఇస్తున్నారో లేదో చూసి ఇక్కడే అప్‌డేట్ పెడతా.