పాట నడుస్తుండగా హెడ్ స్క్రూ అందే క్యాసెట్ డెక్: తొమ్మిదేళ్లు వాడాక

క్యాసెట్ డెక్ అనగానే అందరూ అడిగేవి డాల్బీ (టేపు బుసని తగ్గించే ఏర్పాటు) ఉందా, హెడ్లు (టేపు మీది శబ్దాన్ని చదివే, రాసే భాగాలు) ఎన్ని, మోటార్లు ఎన్ని అని. ఇన్నేళ్లు వాడాక నేను చూసేది ఒక్కటే: పాట నడుస్తుండగా హెడ్ పక్కన ఉండే, దాని వాలుని సరిచేసే స్క్రూ చేతికి అందుతుందా, లేదా? నేను వాడేది రెండు హెడ్ల మామూలు డెక్. దీని తలుపు మీది ప్లాస్టిక్ పలకను పైకి లాగితే ఊడొస్తుంది. క్యాసెట్ తిరుగుతుండగానే సన్న స్క్రూడ్రైవరు లోపలికి పోతుంది. ఈ ఒక్క సుఖం కోసమే దీన్ని వదల్లేదు.

మన ఇళ్లలో మిగిలిన క్యాసెట్లు ఎలాంటివో తెలిస్తే ఆ స్క్రూ విలువ తెలుస్తుంది. ఎ వైపు ఒక సినిమా, బి వైపు ఇంకో సినిమా ఉండే కంపెనీ క్యాసెట్లు కొన్నే. మిగతావి రికార్డింగ్ సెంటర్లో పాటల జాబితా రాసిచ్చి నింపించుకున్నవి. ఒక్కో షాపు డెక్‌లో హెడ్ ఒక్కో వాలులో ఉండేది. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే 10,000 హెర్ట్జ్ శబ్దం అల టేపు మీద 5 మైక్రాన్లు కూడా ఉండదు. రికార్డు చేసిన హెడ్ వాలుకీ, మన హెడ్ వాలుకీ రవ్వంత తేడా ఉన్నా ముందు పోయేవి ఆ సన్న శబ్దాలే: గజ్జెలు, తాళాలు, స-శ-ష. దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. క్యాసెట్ అరిగిపోయిందని పారేసేవాటిలో చాలా వాటికి అసలు జబ్బు ఇదే.

సరిచేసే ముందు హెడ్‌నీ, టేపుని లాగే సన్న ఇరుసునీ (క్యాప్‌స్టన్) 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. మురికి హెడ్ కూడా ఇలాగే మొద్దుగా వినిపిస్తుంది, దాన్ని స్క్రూతో సరిచేయబోతే ఉన్నదీ చెడుతుంది. హెడ్‌కి రెండు పక్కలా ఉండే స్క్రూలలో కింద స్ప్రింగు ఉన్నదే తిప్పాల్సింది. రెండోదాన్ని ముట్టుకోవద్దు. డాల్బీ ఆపేసి, యాంప్లిఫయర్‌ని మోనోలో పెట్టాలి. కుడి ఎడమ ట్రాకులు కలిసినప్పుడు చిన్న తేడా కూడా పెద్దదై, బోలుగా, గొట్టంలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. చెవికి పట్టుకోవడం అప్పుడు సులువు. పావు తిప్పుకి మించి అవసరం పడదు. ఒక వైపు తిప్పుతుంటే శబ్దం విచ్చుకుంటుంది, ఆ చోటు దాటగానే మళ్లీ మూసుకుంటుంది. విచ్చుకున్న చోటే ఆపాలి. ఘంటసాల కాలం నాటి మోనో పాటలున్న క్యాసెట్‌తో ఇది మరీ తేలిక. రెండు ట్రాకుల్లోనూ ఉన్నది ఒకటే కాబట్టి తప్పు దాక్కోదు.

ఫలితం చెప్పాలంటే, ఇలా సరిచేశాక ఏదైనా క్యాసెట్‌లో బాలు పాట పెట్టి వినండి. పల్లవి ఎత్తుకునే ముందు తీసుకునే ఊపిరి, ‘శ’కీ ‘స’కీ ఆయన చూపే తేడా, చరణం చివర గొంతులో చిన్న నవ్వు, ఇవన్నీ టేపు మీదే ఉన్నాయి. పావు తిప్పు దూరంలో ఉన్నాయి. తొమ్మిదేళ్లయినా ఈ ఆనందం నాకు తగ్గలేదు.

ఇక చెడిన సంగతి. ఆరో ఏట సన్నాయి దీర్ఘ స్వరాలు వణకడం మొదలైంది. మాటల్లో తెలియదు, తబలాలో తెలియదు. సన్నాయి, వయొలిన్ నిలిచే చోటే బయటపడుతుంది. కొన్నాళ్లకి మోటారు చప్పుడు వస్తోంది గానీ టేపు కదల్లేదు. విప్పితే, మోటారు తిప్పుడుని క్యాప్‌స్టన్ చక్రానికి (ఫ్లైవీల్‌కి) అందించే బెల్టు బెల్టులా లేదు. రబ్బరు కరిగి తారులా మోటారు పుల్లీకీ, ఫ్లైవీల్‌కీ అంటుకుంది. చేతికి తగిలితే సబ్బుకి పోదు, అందుకే గ్లవ్స్ వేసుకోవాలి, కింద పాత పేపర్లు పరవాలి. దూదిపుల్లల్ని ఆల్కహాల్‌లో ముంచి, నలుపు రావడం పూర్తిగా ఆగేదాకా తుడవాలి. పుల్లీ మీద ఆవగింజంత బంక మిగిలినా కొత్త బెల్టు వేసినా వణుకు పోదు.

కరిగిపోయిన బెల్టుకి కొలత ఎక్కడిది? బెల్టు తిరిగే దారిలోనే దారం చుట్టి పొడవు చూడాలి. నాది 250 మిల్లీమీటర్లు వచ్చింది. సాగి పట్టుకోవాలి కాబట్టి 6 శాతం తగ్గించి 235. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం దాదాపు 75. 5 మిల్లీమీటర్ల వెడల్పు చదును బెల్టు ఆ వ్యాసంలో తెప్పిస్తే సరిపోయింది. ఇంకా బిగువుది వేస్తే మోటారు బేరింగు మీద భారం, వదులుదైతే జారుడు.

బెల్టు మారాక వేగం చూసుకోవాలి. 3,000 హెర్ట్జ్ టెస్ట్ క్యాసెట్ ఉంటే మంచిదే. లేకపోతే కంపెనీ క్యాసెట్‌లో 4 నిమిషాల పాటకి టైము కట్టి, అదే పాట డిజిటల్ నిడివితో పోల్చాలి. 1 శాతం తేడాకి 2.4 సెకన్లు వస్తుంది. 6 శాతం దాకా పోతే పాట ఒక స్వరస్థానం మారిపోయినట్టే. మోటారు వెనక చిన్న రంధ్రంలో ఉండే స్క్రూతో సరిచేయాలి, వెంట్రుకవాసి కదిలినా చాలు. ఒక్క క్యాసెట్‌ని నమ్మొద్దు, మూడు నాలుగు చూడాలి. రికార్డింగ్ సెంటర్ క్యాసెట్‌తో మాత్రం వేగం ఎప్పుడూ కట్టొద్దు, ఆ షాపు డెక్ వేగమే తేడాగా ఉండి ఉండొచ్చు.

హెడ్ స్క్రూ గురించి పైన అంత చెప్పాను గానీ, దానికీ ఓ ఖరీదు ఉంది. ఫ్యాక్టరీలో స్క్రూ కదలకుండా వేసిన రంగు చుక్క మొదటి తిప్పుకే పగిలిపోతుంది. ఆ తర్వాత క్యాసెట్ మారినప్పుడల్లా తిప్పడమే పని. ముందే స్క్రూ గాడి ఏ దిక్కున ఉందో ఫొటో తీసి పెట్టుకుంటే వెనక్కి రావచ్చు. తిప్పేసిన హెడ్‌తో కొత్తగా రికార్డు చేస్తే అది ఇంకో డెక్‌లో మొద్దుగా మోగుతుంది, కాబట్టి రికార్డింగుకి నేను దీన్ని వాడటం మానేశాను. డాల్బీ బి మీట కూడా నొక్కి చాలా ఏళ్లయింది. నా క్యాసెట్లలో ఎక్కువ వాటిని డాల్బీతో రికార్డు చేయలేదు, నొక్కితే ఉన్న మెరుపు కూడా పోతుంది.

రికార్డింగ్ సెంటర్ క్యాసెట్లు వంద దాకా ఉండి, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలనుకునేవాళ్లకి ఇలాంటి డెక్ నా లెక్కలో తప్పనిసరి. ఇరవయ్యో ముప్పయ్యో ఉంటే, అవీ కంపెనీవే అయితే, ఈ బెల్టుల గొడవ అవసరమా అంటే గట్టిగా అవునని చెప్పలేను. నా సంచిలో ఇంకా నలభై క్యాసెట్లున్నాయి. కొన్నింటిలో టేపుని హెడ్‌కి ఆనించే మెత్తటి ముక్క ఊడిపోయింది. వాటిలోని టేపుని మార్చి పెట్టడానికి, స్క్రూలు విప్పి తెరవగలిగే క్యాసెట్ డొక్కులు వెతకాలి.