ప్రోబయోటిక్ పాల పానీయమా, క్యాప్సూలా?

ఆహార అలర్జీ తగ్గుతుందన్న ఆశతో, మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు (ప్రోబయోటిక్‌లు) ఉన్న ఈ రెండింటిలో ఒకటి ఎంచుకునేవారు ముందుగా చూడవలసింది బ్యాక్టీరియాను కాదు, పాలను. పులిసినంత మాత్రాన అలర్జీ కలిగించే పాల ప్రొటీన్లు కేసిన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ మాయమైపోవు. పాల అలర్జీ ఉన్న పిల్లలకు యాకుల్ట్, కెఫిర్ వంటి పులిసిన పాల పానీయాలు ప్రమాదమే. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ పడకపోవడం వేరే సమస్య. అలాంటివారికి పులిసిన పాలు చాలావరకు తేలిగ్గానే అరుగుతాయి. ఈ తేడా తెలియక పట్టించే ఒక్క గుక్క ప్రాణం మీదికి తేవచ్చు.

క్యాప్సూల్‌లో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో సాధారణంగా లేబుల్ చెబుతుంది. కెఫిర్‌లో బ్యాక్టీరియా, ఈస్ట్‌ల మిశ్రమం ప్రతిసారీ ఒకేలా ఉండదు. అయితే కొన్ని క్యాప్సూళ్లలోనూ పాల ప్రొటీన్ల జాడలుంటాయి. రుచిలో, పోషకాల్లో పానీయానిదే పైచేయి.

మరి అలర్జీని తగ్గించే శక్తి? వేరుసెనగ అలర్జీ ఉన్న ఆస్ట్రేలియా పిల్లలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. వేరుసెనగను కొద్దికొద్దిగా అలవాటు చేసే చికిత్స ఆపిన 8 వారాలకు, ప్రోబయోటిక్ కూడా తీసుకున్నవారిలో 46 శాతం, తీసుకోనివారిలో 51 శాతం మంది దాన్ని తట్టుకోగలిగారు. అందుకే అలర్జీకి మందుగా రెండింటినీ నేను సిఫారసు చేయను. పాలు పడేవారు ఇష్టమైతే పానీయం తాగవచ్చు. పాల అలర్జీ ఉంటే క్యాప్సూల్ కూడా వైద్యుణ్ని అడిగాకే.