పన్నెండేళ్ల స్టిక్కర్లు, సర్టిఫికెట్లు: మా స్కూల్ డిస్ట్రిక్ట్ మెచ్చుకోళ్లపై ఒక తల్లి సమీక్ష

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఫోన్‌లో స్కూల్ నంబర్ కనిపిస్తే ఏ తల్లికైనా గుండె జారుతుంది. జ్వరమా, దెబ్బా, ఎవరినైనా కొట్టాడా? మీటింగ్ మధ్యలో లేచి బయటికి పరిగెత్తాను. అవతల ప్రిన్సిపాల్. "కంగారు పడకండి, మంచి విషయం చెప్పడానికే చేశాను" అన్నారు.

అప్పుడు మావాడు మూడో తరగతి. క్లాసులోకి కొత్తగా ఒక పిల్లాడు వచ్చాడట. కెఫెటీరియాలో ట్రే తీసుకున్నాక కీప్యాడ్ మీద ఎవరి లంచ్ నంబర్ వాళ్లు కొట్టాలి. ఆ పిల్లాడికి నంబర్ గుర్తుండట్లేదు, అడుగుదామంటే ఇంగ్లిష్ రాదు. వెనక లైన్ ఆగిపోయి అందరూ చూస్తుంటే ఏడుపు ఒకటే తక్కువ. మావాడు ఆ నంబర్‌ని వాడి చేతి మీద పెన్నుతో రాసిచ్చి, వారం రోజులు లైన్‌లో వాడి వెనకే నిలబడ్డాడు. ఇది గమనించింది టీచర్ కాదు, కీప్యాడ్ దగ్గర కూర్చునే ఆవిడ. ఆవిడే ఒక పసుపు చీటీ రాసి ఆఫీసులో ఇచ్చింది. అందుకే ఆ ఫోన్.

ఆ పసుపు చీటీ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది. పన్నెండేళ్లలో ఇంటికి చేరిన మిగతా కాగితాలన్నీ గరాజ్‌లో ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి. ఎవరైనా హడావుడిలో ఉంటే ఇక్కడితో ఆపేయొచ్చు, నేను చెప్పేదాంట్లో సగం ఇదే.

మాది డల్లాస్‌కి ఉత్తరాన, తెలుగువాళ్లు బాగా స్థిరపడిన ఊళ్లలో ఒకటి. డిస్ట్రిక్ట్ పేరు చెప్పను, ఎందుకంటే కింద చీవాట్లు కూడా ఉన్నాయి. 2013లో అమ్మాయిని కిండర్‌గార్టెన్‌లో వేశాం, ఇప్పుడు పన్నెండో తరగతి. అబ్బాయి ఏడో తరగతి. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా విద్యాశాఖ లాంటిది కాదు. చాలావరకు ఊళ్లోవాళ్ల ఇంటి పన్ను మీద నడిచే, ఓట్లేసి ఎన్నుకున్న బోర్డు ఉండే విడి సంస్థ. డిస్ట్రిక్ట్‌ని నడిపే సూపరింటెండెంట్‌ని పెట్టుకునేదీ తీసేసేదీ ఆ బోర్డే. పిల్లల్ని మెచ్చుకోవడం వీళ్లకి ఒక పద్ధతి ప్రకారం జరిగే పని. దాని పేరు పీబీఐఎస్ (పాజిటివ్ బిహేవియరల్ ఇంటర్వెన్షన్స్ అండ్ సపోర్ట్స్). 1998లో ఫెడరల్ నిధులతో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో దీనికి ఒక కేంద్రం పెట్టారు, ఇప్పుడు దేశంలో 25 వేలకు పైగా స్కూళ్లలో నడుస్తోంది. తప్పు చేశాక దండించేకంటే, ఎక్కడ ఎలా ఉండాలో ముందే నేర్పి, అలా ఉన్నప్పుడు ఆ మాట పైకి చెప్పాలన్నది దీని సారం. ఒక మందలింపుకి నాలుగైదు మెచ్చుకోళ్లు ఉండాలని టీచర్లకు చెప్తారు. హాల్లో ఎలా నడవాలి, బస్సులో ఎలా కూర్చోవాలి అని గోడకు పట్టికలుంటాయి. "వాయిస్ లెవెల్ జీరో" అంటే నోరు మూసుకోమని మర్యాదగా చెప్పడం. ఇంట్లో నేనూ వాడి చూశాను, మా ఆయన మీద పనిచేయలేదు.

మాది తెనాలి. నేను చదివిన రెసిడెన్షియల్లో ఆదివారం పరీక్ష, సోమవారం ర్యాంకుల కాగితం, మంగళవారానికల్లా పెట్టె సర్దుకుని కింది సెక్షన్‌కి. మెచ్చుకోలంటే టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని అరిచే ప్రకటన ఒక్కటే. అలా పెరిగినదాన్ని కాబట్టి మొదట్లో ఇక్కడి స్టిక్కర్లన్నీ చూసి మురిసిపోయాను.

మావాడు కూడా స్కూల్లో చేరాక లెక్క మారింది. బాగా ఉంటే టికెట్లిస్తారు, శుక్రవారం స్కూల్ స్టోర్‌లో వాటితో ఎరేజర్లు, స్లైమ్ కొనుక్కోవచ్చు. 50 టికెట్లు కూడబెడితే ఒక రోజంతా టీచర్ కుర్చీలో కూర్చోవచ్చు. మావాడు ఆ కుర్చీ కోసం నెలన్నర పిసినారితనం చేశాడు. బాగానే ఉంది. కానీ ఒకరోజు ఇంట్లో కంచం సింక్‌లో పెట్టమంటే "ఎన్ని టికెట్లు?" అన్నాడు. 1973లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. బొమ్మలేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత వాళ్లంతట వాళ్లు స్కెచ్ పెన్నులు పట్టుకోవడం తగ్గించేశారు. నాకు ఆ ప్రయోగం అక్కర్లేకపోయింది, సింక్ చాలు.

ఇంకోటి పాయింట్ల యాప్. పిల్లాడికి క్లాసులో పాయింట్ కలిసినా పోయినా నా ఫోన్ మోగుతుంది. రెండో తరగతి పిల్లాడికి మంగళవారం పదిన్నరకి మైనస్ ఒకటి ఎందుకొచ్చిందా అని ఆఫీసులో కూర్చుని మథనపడ్డ రోజులున్నాయి. సాయంత్రం అడిగితే వాడికి గుర్తే ఉండదు. నోటిఫికేషన్లు ఆపేశాక ఇద్దరం హాయిగా ఉన్నాం.

ఇప్పుడు అసలు చీవాట్లు. పర్ఫెక్ట్ అటెండెన్స్ సర్టిఫికెట్‌ని తీసి పారేయాలి. అమ్మాయి నాలుగో తరగతిలో ఏప్రిల్ దాకా ఒక్కరోజు మానలేదు. ఒకరోజు పొద్దున ఒళ్లు కాలుతోంది. ఉండమంటే వినదు, "నా అవార్డ్ పోతుంది" అని ఏడుపు. నాకూ మనసులో ఆ సర్టిఫికెట్ మీద ఆశ ఉంది, అది ఒప్పుకోవాలి. సిరప్ పట్టి పంపాను. రెండో పీరియడ్‌కల్లా నర్సు ఫోన్ చేసింది: 101. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటేనే మళ్లీ రానిస్తామంది. నర్సు గదిలో పరుపు మీద పడుకుని ఏడుస్తున్న పిల్లని చూసి నాకు సిగ్గేసింది.

స్కూళ్లకి ఇంత పట్టుదల ఎందుకంటే, టెక్సాస్‌లో రాష్ట్రం డబ్బులిచ్చేది పేర్లు రాయించుకున్న పిల్లల లెక్కన కాదు, రోజుకి సగటున ఎందరొచ్చారన్న లెక్కన. కాబట్టి హాజరు వాళ్లకి బడ్జెట్. పోనీ అవార్డు పనిచేస్తుందా అంటే, కాలిఫోర్నియాలో 15 వేల మందికి పైగా పిల్లలతో చేసిన పరిశీలన 2018లో బయటికొచ్చింది. గడిచిన నెలలో బాగా వచ్చారని అవార్డు అందుకున్న పిల్లలు, ఆ తర్వాతి నెలలో ఏ అవార్డూ అందని వాళ్లకంటే ఎక్కువగా స్కూల్ మానేశారు. పేరెంట్స్ మీటింగ్‌లో ఈ సంగతి లేవనెత్తాను. నవ్వుతూ నోట్ చేసుకున్నారు. సర్టిఫికెట్ ఈ ఏడాది కూడా ఉంది, కాగితం మాత్రం కాస్త మందంగా మారింది.

బోర్డు మీటింగ్ సన్మానాలు వేరే రకం. మీటింగ్ మొదట్లోనే పిల్లల్ని పిలిచి, సూపరింటెండెంట్ చేయి కలిపి, బోర్డు సభ్యులతో ఫొటో తీస్తారు. అమ్మాయి ఎనిమిదో తరగతిలో నంబర్ సెన్స్ టీమ్‌తో వెళ్లింది. ఇది టెక్సాస్‌లో యూఐఎల్ అనే సంస్థ పెట్టే పోటీ: 10 నిమిషాల్లో 80 లెక్కలు, రఫ్ వేయకూడదు, రాసింది తుడవకూడదు, కొట్టేయకూడదు. మా అమ్మ వేసవిలో వచ్చినప్పుడు ఇరవై దాకా ఎక్కాలు తెలుగులోనే వల్లె వేయించింది. పోటీలో పదిహేడో ఎక్కం పెదాల మధ్యే గొణుక్కుందట. కోచ్ ఆ టీమ్‌ని పరిచయం చేస్తూ ఒక్కొక్కరి గురించి ఒక్కో వాక్యం చెప్పాడు. మా పిల్ల గురించి, "మొదటి నెలలో రోజూ 20 దగ్గర ఆగిపోయేది, ఒక్కరోజు కూడా ప్రాక్టీస్ ఎగ్గొట్టలేదు" అన్నాడు. ఫొటో ఎక్కడుందో తెలియదు, ఆ వాక్యం అమ్మకి ఫోన్‌లో మూడుసార్లు చెప్పాను. సన్మానాలు అయిపోగానే జనమంతా లేచి వెళ్లిపోయారు, బడ్జెట్ చర్చకి ఏడెనిమిది మంది మిగిలారు. నేనూ లేచి వచ్చినదాన్నే, ఇంట్లో పప్పు కుక్కర్‌లో ఉంది.

హైస్కూల్‌కి వచ్చేసరికి ఈ వ్యవహారమంతా పలచబడిపోతుంది. గోడ మీద "ప్రతి ఒక్కరూ ముఖ్యమే" అనే ఉంటుంది, లోపల అంతా జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, దశాంశాల్లో నడుస్తుంది. 1997 నాటి చట్టంతో ఈ రాష్ట్రంలో క్లాసులో మొదటి 10 శాతం పిల్లలకి ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. అందరూ కోరుకునే ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో మాత్రం 2026లో చేరే బ్యాచ్‌కి అది 5 శాతానికి దిగింది. ఈ లెక్కముందు స్టిక్కర్ ఏం చేస్తుంది? సెప్టెంబర్‌లో నేషనల్ మెరిట్ అనే స్కాలర్‌షిప్ పోటీ సెమీఫైనలిస్టుల జాబితా వస్తుంది, దేశం మొత్తం మీద దాదాపు 16 వేల మంది. పీఎస్ఏటీ పరీక్ష స్కోరును బట్టి ఎంచుతారు, 228కి టెక్సాస్ కటాఫ్ ఈసారి 220 దాటింది. డిస్ట్రిక్ట్ పేర్లన్నీ పెద్ద బ్యానర్ మీద వేసింది. మా అమ్మాయి పేరు లేదు.

ఇక్కడ డిస్ట్రిక్ట్‌ని అనడం అన్యాయం, మనవాళ్లనే అనాలి. బ్యానర్ ఫొటో పది నిమిషాల్లో మా తెలుగు వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. మన పేర్లున్న చోటల్లా ఎర్ర గీతలు, కింద చప్పట్ల ఎమోజీలు. ఒకావిడ విడిగా మెసేజ్ పెట్టింది: "వదినా, మీ పాప పేరు నేనే మిస్సయ్యానా?" తెనాలి నుంచి ఇంత దూరం వచ్చి మళ్లీ ఆ సోమవారం కాగితం ముందే నిలబడ్డాను. అదే వారం ఇంగ్లిష్ టీచర్ అమ్మాయి వ్యాసం చివర పెన్సిల్‌తో ఐదు లైన్లు రాసి పంపింది, ఫలానా పేరాలో నానమ్మ చేతుల గురించి రాసింది రెండుసార్లు చదువుకున్నానని. అది తను ఎవరికీ చూపించలేదు. బ్యాగ్ ముందు జేబులో పెట్టుకు తిరుగుతోంది.

కొత్తగా వచ్చే తల్లిదండ్రులకి ఒక్క మాట. ఆగస్టులో రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు "డైరెక్టరీ సమాచారం" అనే పేజీ వస్తుంది. 1974 చట్టం ప్రకారం పిల్లల పేరు, ఫొటో, అవార్డులు బయటపెట్టవద్దని చెప్పే హక్కు మీకుంది. గబగబా క్లిక్ చేయకండి, అలాగని అన్నింటికీ వద్దనేయకండి. కొన్ని చోట్ల ఇయర్‌బుక్‌లో కూడా పిల్లాడు మాయమైపోతాడు. మాకు ఒక ఏడాది అలాగే జరిగింది, ఐదో తరగతి పేజీలో మావాడి చోట బూడిదరంగు చదరం.

రేటింగ్ ఇవ్వాలంటే పసుపు చీటీకి, కోచ్ వాక్యానికి ఐదుకి ఐదు. టికెట్ల స్టోర్‌కి రెండో తరగతి దాకా మూడు, ఆపైన ఒకటి. అటెండెన్స్ సర్టిఫికెట్‌కి సున్నా. మొత్తం మీద మూడున్నర, అందులో అర కెఫెటీరియా ఆవిడకి.

మే నెలలో సీనియర్ల, అంటే పన్నెండో తరగతి పిల్లల, ఇళ్ల ముందు పాతే బోర్డు వస్తుంది, పిల్ల పేరూ స్కూల్ రంగులతో. "దాన్ని గడ్డిలో పెడితే నేను ఇంటికి రాను" అని మా అమ్మాయి ముందే చెప్పేసింది. మా ఆయన మాత్రం స్ప్రింక్లర్ నీళ్లు పడకుండా ఎక్కడ పాతాలో టేపు పెట్టి కొలిచి వచ్చారు.