యాపిల్ చేతికి వెళ్లాక బీట్స్: హెడ్‌ఫోన్లు, పాటల సేవ ఏళ్ల తరబడి వాడాక తేలినవి

2014 మే 28న యాపిల్ 300 కోట్ల డాలర్లకు హెడ్‌ఫోన్ల కంపెనీ బీట్స్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. అందులో దాదాపు 260 కోట్లు కొనుగోలు సొమ్ము, మిగతా 40 కోట్లు కొంతకాలం మీదట దక్కే వాటాలు. దాంతో హెడ్‌ఫోన్ల వ్యాపారంతో పాటు బీట్స్ మ్యూజిక్ అనే పాటల సేవ కూడా యాపిల్‌కు వచ్చింది. ఆ సేవ మొదలై అప్పటికి నాలుగు నెలలే. వాడేవాళ్ల వైపు నుంచి చూస్తే ఈ కొనుగోలు వల్ల ధ్వనిలో వచ్చిన తేడా కొంచెమే. ఫోనుతో కలిసే తీరులోనూ, బ్యాటరీలోనూ వచ్చిన తేడా మాత్రం చాలా పెద్దది. పాటల సేవ దగ్గరికొస్తే, వచ్చినవీ ఉన్నాయి, పోయినవీ ఉన్నాయి.

బీట్స్‌లో వాటా కొన్న మొదటి టెక్ కంపెనీ యాపిల్ కాదు. 2011లో ఫోన్లు చేసే హెచ్‌టీసీ సగానికి పైగా వాటా తీసుకుంది. వాడేవాళ్లకు అందింది ఫోను వెనక ఒక ముద్ర, సెట్టింగుల్లో 'బీట్స్ ఆడియో' అనే ఒక మీట. అది నొక్కితే ఈక్వలైజర్‌లో (ధ్వని హెచ్చుతగ్గుల అమరికలో) బేస్, అంటే మంద్ర ధ్వని, పెరిగేది, అంతకు మించి పెద్దగా ఏమీ ఉండేది కాదు. 2013కల్లా హెచ్‌టీసీ పూర్తిగా బయటికొచ్చేసింది.

యాపిల్ కొన్నాక అసలు ఫలితం కనబడింది 2016లో వచ్చిన సోలో 3 వైర్‌లెస్‌లో. ధ్వని పరంగా ఇది అంతకు ముందరి సోలో 2కి దాదాపు కవల: బేస్ నిండుగా, గొంతు స్పష్టంగా, పై స్థాయి కాస్త మెత్తగా ఉంటాయి. మారిందల్లా లోపలి డబ్ల్యూ1 చిప్, అంటే యాపిల్ సొంత బ్లూటూత్ చిప్. పవర్ బటన్‌ను ఒక్క క్షణం నొక్కి ఐఫోన్ పక్కన పెడితే తెర మీద కార్డు వస్తుంది, 'కనెక్ట్' నొక్కితే జత కుదురుతుంది. అదే ఐక్లౌడ్ ఖాతాలో ఉన్న ఐప్యాడ్, మ్యాక్, వాచ్‌లకు మళ్లీ జత చేయాల్సిన పనిలేదు. ఎక్కువ దూరం అందే క్లాస్ 1 బ్లూటూత్ కాబట్టి పక్క గదిలోకి వెళ్లినా పాట అంత తేలిగ్గా తెగదు. ఒక ఛార్జికి 40 గంటలు, ఐదు నిమిషాలు పెడితే మూడు గంటలు అన్న కంపెనీ లెక్క మధ్యస్థ వాల్యూమ్‌కు సరిపోతుంది. ఛార్జింగ్‌కు మైక్రో యూఎస్‌బీ పోర్టు ఇవ్వడమే మింగుడుపడని విషయం. ఆ తీగను బలవంతంగా తిప్పి పెట్టకూడదు, పోర్టు వదులైతే ఇంత మంచి బ్యాటరీ ఉన్నా ప్రయోజనం ఉండదు.

ఆండ్రాయిడ్ ఫోనుకు సోలో 3 మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోనే. పవర్ బటన్‌ను ఐదు సెకన్లు పట్టుకుంటే చిన్న దీపాలు మిణుకుమంటాయి, అప్పుడు ఫోను బ్లూటూత్ జాబితాలో కనిపిస్తుంది. జత కుదరకపోయినా, ఒక పరికరానికే అతుక్కుపోయినా పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ రెండూ కలిపి పది సెకన్లు పట్టుకోవాలి. దీపం మెరవగానే వదిలేస్తే రీసెట్ అవుతుంది. ఆ తర్వాత ఫోనులో పాత జతను 'మరచిపో' అని తీసేయడం తప్పనిసరి. చాలామంది ఈ రెండో మెట్టు వదిలేసి, రీసెట్ పనిచేయలేదని అనుకుంటారు.

చెవి మీద కూర్చునే రకం గనక బిగుతు ఎక్కువ. కళ్లజోడు ఉన్నవారికి గంట దాటితే నొప్పి తెలుస్తుంది. తలకంటే కొంచెం వెడల్పున్న పుస్తకాల దొంతరకు రాత్రంతా తొడిగి ఉంచితే బిగుతు సడలుతుంది. పట్టీని చేత్తో విరిచినట్టు లాగితే మాత్రం మడత దగ్గరి కీలు మీదే భారమంతా పడుతుంది, అక్కడే పగులుతుంది. ఏ కంపెనీదైనా కృత్రిమ తోలు కుషన్ చెమటకు, తల నూనెకు పొరలూడుతుంది. వాడాక పొడి గుడ్డతో తుడిస్తే చాలా కాలం నిలుస్తుంది. మార్చాల్సి వస్తే పలుచని ప్లాస్టిక్ బద్దతో అంచు లేపి, పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచాకే కొత్తది అంటించాలి. జిగురు మిగిలితే కుషన్ సమంగా కూర్చోదు, సందులోంచి బేస్ జారిపోతుంది. కుషన్ మార్చాక ధ్వని పలచబడిందంటే మొదట చూడాల్సింది ఈ అంచునే.

తర్వాతి మోడళ్లలో దారి మళ్లింది. 2023 నాటి స్టూడియో ప్రోలో, 2024 నాటి సోలో 4లో యాపిల్ చిప్ లేదు, బీట్స్ సొంత ఏర్పాటు ఉంది. దాంతో ఐఫోన్ నుంచి మ్యాక్‌కు తనంతట తానే మారే సదుపాయం పోయింది. బదులుగా ఆండ్రాయిడ్‌లో ఒక్క నొక్కుతో జత కుదిర్చే ఫాస్ట్ పెయిర్ వచ్చింది, ఛార్జింగ్ యూఎస్‌బీ-సీకి మారింది. రెండు రకాల ఫోన్లూ ఉన్నవారికి ఇదే మేలు. ఇంట్లో అన్నీ యాపిల్ పరికరాలే అయితే మాత్రం ఈ లోటు రోజూ తెలుస్తుంది.

నా దృష్టిలో స్టూడియో ప్రోలో అన్నిటికన్నా విలువైనది యూఎస్‌బీ-సీ ద్వారా పాట వినగలగడం. యాపిల్ పాటల సేవ యాపిల్ మ్యూజిక్ 2021 నుంచి నాణ్యత తగ్గించకుండా దాచిన లాస్‌లెస్ పాటలు ఇస్తోంది, కానీ బ్లూటూత్‌లో అవి ఏఏసీ అనే చిన్న రూపానికి కుదించుకుపోతాయి. బీట్స్‌లో బ్లూటూత్‌లో ఎక్కువ నాణ్యత పంపే ఎల్‌డాక్, ఆప్టెక్స్ లాంటి పద్ధతులు లేవు. సెట్టింగుల్లో లాస్‌లెస్ ఆన్ చేసి బ్లూటూత్ మీదే వింటే డేటా ఖర్చు తప్ప లాభం లేదు. మూడు నిమిషాల పాట 256 కేబీపీఎస్ ఏఏసీలో 6 ఎంబీ అయితే, 24 బిట్/48 కిలోహెర్ట్జ్ లాస్‌లెస్‌లో సుమారు 36 ఎంబీ. అందుకని మొబైల్ డేటాకు 'హై క్వాలిటీ' ఉంచి, డౌన్‌లోడ్‌లకు మాత్రం లాస్‌లెస్ పెట్టుకుని, దాన్ని తీగతో వినడమే సరైన పద్ధతి. స్టూడియో ప్రో యూఎస్‌బీ-సీ మీద 24 బిట్/48 కిలోహెర్ట్జ్ వరకు తీసుకుంటుంది, వింటుండగానే ఛార్జ్ కూడా అవుతుంది. 3.5 మి.మీ. జాక్ కూడా ఉంది గానీ దానికీ బ్యాటరీలో ఛార్జ్ ఉండాలి. సోలో 3, సోలో 4లకు ఆ ఇబ్బంది లేదు, బ్యాటరీ అయిపోయినా జాక్ తీగతో పాడతాయి.

కంప్యూటర్‌లో మీటింగ్ మొదలవగానే ధ్వని డబ్బాలోంచి వచ్చినట్టు అయిపోవడం చాలా బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో చూస్తాం. మైకు తెరిచినప్పుడు బ్లూటూత్ కాల్ ప్రొఫైల్‌కు (ఫోను మాటల కోసం ఉన్న పద్ధతికి) మారి నాణ్యత పడిపోతుంది. ఇన్‌పుట్‌గా కంప్యూటర్ సొంత మైకును ఎంచుకుంటే వినికిడి మళ్లీ మామూలుగా ఉంటుంది.

ఇక పాటల సేవ. బీట్స్ మ్యూజిక్‌లో 'ది సెంటెన్స్' అని ఒకటి ఉండేది: ఎక్కడ ఉన్నారు, ఏం చేయాలనిపిస్తోంది, ఎవరితో, ఏ తరహా సంగీతం అన్న నాలుగు ఖాళీలు నింపితే పాటలు వరసగా వచ్చేవి. 2015 జూన్ 30న మొదలైన యాపిల్ మ్యూజిక్‌లోకి మనుషులు కూర్చిన ప్లేలిస్టులు, ఇష్టాలు చెప్పే బుడగల తెర వచ్చాయి, ఆ నాలుగు ఖాళీల వాక్యం మాత్రం రాలేదు. ఆ లోటు నాకు ఇప్పటికీ లోటే. ఏ మూడ్‌లో ఉన్నామో మనమే చెప్పగలగడం వేరు, మన అలవాట్లు చూసి యాప్ ఊహించడం వేరు. అదే ఏడాది నవంబరులో ఆండ్రాయిడ్ యాప్ వచ్చింది, ఆ నెల 30తో బీట్స్ మ్యూజిక్ మూతపడింది. చందాదారులు తమ ప్లేలిస్టులను కొత్త సేవకు తరలించుకునే వీలు ఇచ్చారు. ఆ వీలు అన్ని కొనుగోళ్లలోనూ దొరుకుతుందన్న హామీ లేదు.

ఏ సేవలోనైనా డౌన్‌లోడ్ చేసిన పాటలు చందా ఉన్నంతవరకే పాడతాయి. కాపాడుకోగలిగింది జాబితాను. మ్యాక్‌లో మ్యూజిక్ యాప్ తెరిచి, ప్లేలిస్టు ఎంచుకుని, 'ఫైల్' మెనూలో 'లైబ్రరీ' కింద 'ఎక్స్‌పోర్ట్ ప్లేలిస్ట్' నొక్కితే పాటల పేర్లు, గాయకులు, ఆల్బమ్‌లు టెక్స్ట్ ఫైలుగా దిగుతాయి. కంప్యూటర్ లేనివారు యాపిల్ వారి డేటా, ప్రైవసీ పేజీలో ఖాతా సమాచారం ప్రతి అడగవచ్చు, అందులో మ్యూజిక్ లైబ్రరీ కూడా వస్తుంది. అది చేతికి రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు కాబట్టి చందా ఆపాక కాదు, ఆపే ముందే అడగాలి.