రోబోటిక్స్ గదిలో మూడేళ్లు: ముందు వైసు కొనండి

ఒంగోలులో మా బడి రోబోటిక్స్ జట్టు కోసం మూడేళ్ల కిందట పరికరాల జాబితా రాసింది నేనే. మొదటి వరసలో త్రీడీ ప్రింటర్, అట్టడుగున బెంచ్ వైసు, అంటే ముక్కను రెండు దవడల మధ్య కదలకుండా బిగించి పట్టే పరికరం. ఈ రోజు రాయమంటే ఆ కాగితాన్ని తలకిందులు చేస్తాను.

4 అంగుళాల ఆ వైసును మొదట తరగతి గది బల్లకే బిగించాం. రంపం లాగినప్పుడల్లా బల్ల కూడా వెంట నడిచేది. పిల్లలు విసిగిపోయి అల్యూమినియం యాంగిల్‌ను (L ఆకారపు కడ్డీని) చేత్తో పట్టుకునే రంధ్రాలు వేయసాగారు. ఒకరోజు డ్రిల్ బిట్ ఇరుక్కుని, ముక్క గిర్రున తిరిగి ఒక అబ్బాయి బొటనవేలిని చీరింది. కుట్లు వేయించాల్సిన అవసరం రాలేదు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే పాత టేకు బల్ల తెప్పించి, కాళ్లను నేలకు బోల్టులతో బిగించాం. ఇప్పుడు వైసు దగ్గర వంతులు వేసుకుంటున్నారు. దవడల గాట్లు పడకుండా రేకు వంచి తొడుగులు కూడా వాళ్లే చేసుకున్నారు.

ప్రింటర్ మంచిదే, మా ఊరి గాలితోనే దానికి పడదు. కార్తీకమాసపు వానల్లో పీఎల్‌ఏ చుట్ట, అంటే ప్రింటర్‌కు వేసే ప్లాస్టిక్ తీగ, బయట ఉండిపోతే తేమ పీల్చి, కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే నాజిల్ దగ్గర పోపులా చిటపటలాడుతుంది. అచ్చయిన ముక్క నిండా వెంట్రుకల్లాంటి పోగులు. చుట్టలను తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టాక ఆ బాధ తగ్గింది. కరెంటు కోత బాధ మాత్రం తీరలేదు.

వైర్లను అతికే 25 వాట్ల చవక సోల్డరింగ్ ఐరన్లు ఆరు కొంటే, ఏడాదిలో నాలుగింటి మొనలు నల్లబడి, కరిగించి అతికే లోహం సోల్డర్ వాటికి అంటడం మానేసింది. తప్పంతా వాటిదే అనను. మొనకు సోల్డర్ పూత పెట్టకుండా గంటలకొద్దీ వేడిలో వదిలేసింది మేమే. తర్వాత ఉష్ణోగ్రత అదుపు చేసుకునే సోల్డరింగ్ స్టేషన్ ఒకటి కొన్నాం. దాన్ని 350 డిగ్రీలు దాటనివ్వం.

జాబితాలో లేనిది ఇంకొకటుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలక. పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక విద్యార్థి తండ్రి మిగులు ముక్క ఇచ్చారు. మాకైన ఖర్చు ఆటో కిరాయి. రోబోను దాని చదునైన పైభాగం మీద నిలబెట్టి ఒక్కో చక్రం కింద కాగితం దూర్చి చూస్తాం. ఎక్కడ జారిపోతే ఆ చక్రం ఆననట్టే. పోటీలకు దాన్నీ బస్సెక్కిద్దామని పిల్లల గొడవ. ఇద్దరు పట్టినా లేవని బరువు, నేను ఒప్పుకోలేదు.