రెంబ్రాంట్ గ్రూప్ పోర్ట్రెయిట్ కిట్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

"రెంబ్రాంట్ బొమ్మ కాపీ చేస్తూ ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోండి" అంటూ కాన్వాస్, రంగులు, వీడియో పాఠాలు కలిపి అమ్మే కిట్ ఒకటి కొన్నాను. నాలుగు నెలలు దాంతో కుస్తీ పట్టాక ఇది రాస్తున్నాను. దయచేసి కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే, బొమ్మ చెడుతున్నది మీ చేతివల్లే అని కుమిలిపోకండి. నేను అలాగే కుమిలిపోయాను.

బొమ్మ పేరు సిండిక్స్. ఆమ్‌స్టర్‌డామ్‌లో బట్టల నాణ్యత తనిఖీ చేసే పెద్దల కోసం 1662లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసింది. నల్ల కోట్లు, వెడల్పాటి తెల్ల కాలర్లు, టోపీలతో ఐదుగురు. వెనకాల టోపీ లేకుండా వాళ్ల నౌకరు. బల్లమీద ఎర్ర తివాచీ. అసలు బొమ్మ ఎత్తు 191.5 సెంటీమీటర్లు, వెడల్పు 279. కిట్‌లో వచ్చిన కాన్వాస్ ఎత్తు 40, వెడల్పు 50. ఆ వెడల్పుకి ఎత్తు 34 దగ్గరే ఆగాలి. మిగిలిన జాగా నింపడానికి బొమ్మను నిలువుగా సాగదీసి గీతలు ప్రింట్ చేసేశారు! ఎడమ నుంచి రెండో ఆయన కుర్చీలోంచి లేవబోతున్నట్టు ఉంటాడు కదా, ఆయన ముఖం ఎన్నిసార్లు తుడిచి మళ్లీ వేశానో లెక్కలేదు. ఎంత దిద్దినా గడ్డం కిందికి జారినట్టే ఉండేది. చివరికి అసలు బొమ్మ ఉన్న ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం సైట్‌లోని ఫొటో పక్కన పెట్టి స్కేలుతో కొలిస్తే అప్పుడు తెలిసింది. ఆ రోజు ఏడుపొచ్చింది.

రంగుల సంగతి ఇంకా ఘోరం. పెట్టె మీద "రెంబ్రాంట్ వాడిన రంగులే" అని రాశారు. లోపల తెలుపు ట్యూబ్ మీదేమో టైటానియం వైట్ అని ఉంది. రెంబ్రాంట్ వాడింది సీసపు తెలుపు. టైటానియం వైట్ 20వ శతాబ్దంలో గానీ రాలేదు. సీసం విషం కాబట్టి అది ఇవ్వకపోవడమే మంచిది, కానీ అబద్ధం ఎందుకు? మిగతా ట్యూబుల మీద పిగ్మెంట్ కోడ్ (లోపలి రంగు దేనితో చేశారో చెప్పే గుర్తు) లేనే లేదు. మంచి ట్యూబ్ మీద అంబర్ (మట్టి గోధుమ రంగు) అయితే పీబీఆర్7, ఐవరీ బ్లాక్ (నలుపు) అయితే పీబీకే9 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది లేకపోతే లోపల ఏముందో తెలుసుకునే దారి లేదు.

అన్నిటికంటే నష్టం చేసింది పాఠం. మొదటి రోజే కోట్లు, టోపీలు నలుపుతో దట్టంగా నింపేసి, దాని మీద అంబర్‌ను పల్చగా పూయమన్నారు. ఐవరీ బ్లాక్‌కి నూనె ఎక్కువ పడుతుంది, ఆరడానికి చాలా రోజులు తీసుకుంటుంది. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి చకచకా ఆరిపోతుంది. అడుగు పొర ఇంకా కదులుతుండగా పై పొర బిగిసిపోతే ఏమవుతుంది? రెండు నెలలకి మధ్య టోపీ అంచు వెంట వెంట్రుకంత సన్నని పగుళ్లు వచ్చాయి. గోరుతో తాకితే పెచ్చు లేచి, కింద నలుపు ఇంకా జిగురుగానే ఉంది. నిజానికి చేయాల్సింది దీనికి తలకిందులు: ముందు అంబర్‌తో పల్చగా వెలుగునీడలు వేసుకుని, నూనె ఎక్కువ ఉన్న పొరలు తర్వాత వేయాలి.

అమ్మినవాళ్లకి ఫొటోలు పంపాను. "ట్యూబుల మూతలు తీశారు కాబట్టి డబ్బు వెనక్కి ఇవ్వం" అన్నారు. కాన్వాస్ కొలత గురించి అడిగితే జవాబే లేదు.

ఈ బొమ్మ మీద ఇష్టం మాత్రం పోలేదు. ఒకే నలుపులా కనిపించే కోట్లలో ఎన్ని నలుపులు, ఎడమ నుంచి పడే వెలుగు ఒక్కో కాలర్ మీద ఎంత వేరుగా ఉందో చూస్తూ గంటలు గడపవచ్చు. పెద్ద సైజు ఫొటో మ్యూజియం సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. ఇప్పుడు చిన్న ప్రైమ్డ్ కాన్వాస్ (ముందే అడుగు పూత వేసినది) మీద ఆ నౌకరు తల ఒక్కటే వేస్తున్నాను. ఆరుగురినీ ఒకేసారి పెట్టుకోకండి.

అయినా ఏదో ఒక కిట్ కొనాలనుకుంటే ముందు కాన్వాస్ కొలత అడగండి. ఈ బొమ్మ కిట్ అయితే ఎత్తుని 1.46తో గుణిస్తే వెడల్పు రావాలి. రాకపోతే అక్కడితో ఆపేయండి.